పేజీ నిండాలి

పైక్రాఫ్ట్స్ రోడ్డు ప్లాట్‌ఫారం మీద
కిలో లెక్కన అమ్ముతున్నారట.
మనవరాలు నాలుగు పట్టుకొచ్చింది.
అట్టల్లేవు. ఒకదాని వెన్నులో చెదపురుగు సొరంగం.
"తాతా, తెలుగువే. నీ కాలంవి."
కాలందేముందమ్మా, నా చేతివి.

రాయపేట ప్రెస్సులో పదకొండేళ్ళు
ఈ నవలల్ని తిరగేసి చదివాను.
సీసంలో, అద్దంలో ముఖంలా,
ఒత్తు పైకి, తలకట్టు కిందికి.
హంతకుడెవరో ఊరందరికన్నా ముందు నాకే తెలిసేది,
ఒక్కోసారి రచయితకన్నా కూడా.
ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుని
మొదటిసారి నిటారుగా చదువుతున్నాను.

డిటెక్టివ్ ప్రద్యుమ్న సిగరెట్ ముట్టిస్తాడు. ఆలోచిస్తాడు.
ఆయన సంగతి నాకక్కర్లేదు.
నేను వెతికేది శేషుని.
కారు తోలే శేషు, తలుపులు పగలగొట్టే శేషు,
ఎడమ భుజానికి నెలకో తూటా తగిలించుకుని
నూట ఇరవయ్యో పేజీలో
ఎవరో ఒక పిల్ల కట్టు కట్టగానే ప్రేమలో పడి
నూట ఇరవై ఎనిమిదికల్లా
ఫోను మోగిందని లేచిపోయే శేషు.
పై నెలకి ఆ పిల్ల పేరు కూడా గుర్తుండదు వాడికి.

చపలుడని నవ్వుకునేవాళ్ళు జనం.
అసలు సంగతి మాకు తెలుసు.
ఫారానికి పదహారు పేజీలు, ఎనిమిది ఫారాలు.
కథ ముందే అయిపోతే
మేనేజరు సైకిలు మీద కుర్రాణ్ణి తోలేవాడు:
"పద్నాలుగు పంక్తులు తగ్గాయి,
శేషుకి ఎవర్నైనా చూడమన్నారండీ."
ఎక్కువైతే కోసేదీ అక్కడే.
హత్యలో అక్షరం ముట్టుకోవడానికి లేదు.
కాగితం మీద ఎంత చోటు మిగిలితే
వాడి ప్రేమ అంత.

పంతొమ్మిదో నవల. ఐప్పసి వాన. అర్ధరాత్రి.
రచయిత ఇల్లు నీళ్ళలో ఉందని
కుర్రాడు వీధి మలుపులోంచే తిరిగొచ్చాడు.
ఏడు పంక్తులు ఖాళీ.
తెల్లారి నాలుగింటికి మిషనెక్కాలి.
నేనే కంపోజ్ చేశాను.
ఎప్పుడో నాలుగో నవల్లో
టెలిఫోన్ ఆపరేటర్ రోహిణి గొడుగు మరిచిపోయింది కదా,
దానికోసం వచ్చినట్టు.
శేషు ఇవ్వడు.
"వాన తగ్గాక" అంటాడు. అంతే.

ఫారాలు మడిచేది అంజలై.
ఎముక బద్దతో ఒక్క గీటు, కత్తిలాంటి మడత.
వేళ్ళనిండా మైదా జిగురు.
ఆ పేజీ ఆమె చేతుల్లోంచి మూడువేల సార్లు పోయింది.
తెలుగు రాదు.
"ఇదిల ఎన్న ఇరుక్కు?" అని అడిగింది ఒకసారి.
"కొలై" అన్నాను.
హత్య అన్న మాటే ముందు నోటికొచ్చింది అరవంలో.
తక్కినవీ వచ్చు నాకు. ఆ పూట రాలేదు.

ఆ ఏడు పంక్తులూ తనవే అనుకున్నాడు రచయిత.
ఇరవయ్యో నవలలో గొడుగు వరండాలో ఆరుతోంది.
ఇరవై నాలుగులో శేషు ఉంగరం బేరమాడాడు.
ముప్పై ఒకటిలో
రోహిణినే హంతకురాలిని చేశాడు.
రాతప్రతిలో చివరి కాగితం ముందు చదవడం మా అలవాటు.
చదివి, జ్వరమని సెలవు పెట్టాను.
తిరిగొచ్చేసరికి పుస్తకం బజార్లో ఉంది.
అంజలై ఆవడి వైపు ఏదో మిల్లులో చేరిందట.
చెప్పే వెళ్ళింది, ఉన్నవాళ్ళందరికీ.

ఈ నాలుగింటిలో ఒకటి ముప్పై ఒకటి.
ఈ ఒక్కటీ నేను ఏ వైపునించీ చదవలేదు.
రెండు రోజులు బీరువా మీదే ఉంచాను.
ఇవాళ కరెంటు పోయి వ్యాసర్పాడి అంతా చీకటి.
మనవరాలి ఫోను వెలుగులో చివరి పేజీ:

ప్రద్యుమ్న సిగరెట్ ముట్టించాడు.
శేషు కారు తాళాలు బల్ల మీద పెట్టి
కిటికీ దగ్గర నిలబడ్డాడు.
'సమాప్తం' లేదు.
కింద అంతా తెలుపు.
ఎవరో కొత్తవాడు కంపోజ్ చేసుంటాడు,
కుర్రాణ్ణి పంపాలని తెలీదు.

బొటనవేలితో కొలిచాను.
పన్నెండు పాయింట్లలో ఏడు పడతాయి.
ఎనిమిదోది పెడితే ఒత్తు తగులుతుంది.